అమ్మ రిపోర్టు నార్మలే... పరగడుపున!

మన ఐటీ జనాలకి అమ్మానాన్నల మీద ప్రేమ పొంగుకొచ్చే సీజన్లు ఏడాదికి మూడు. సంక్రాంతి, మదర్స్ డే, టాక్సు ప్రూఫులు ఇవ్వాల్సిన నెల. ఆ మూడు సీజన్లలోనూ డయాగ్నొస్టిక్ వాళ్ళ ఆఫర్లు ఫోన్లో వానలా కురుస్తాయి. మనమూ పెద్దగా ఆలోచించం. బెంగుళూర్లోనో గచ్చిబౌలిలోనో కూచుని రెండు క్లిక్కులు కొడితే, పొద్దున్నే ఆరింటికి ఒక కుర్రాడు బండేసుకుని మన ఇంటికెళ్ళి, అమ్మ జబ్బకి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసుకెళ్తాడు. సాయంత్రానికి పీడీఎఫ్ వస్తుంది. ఎర్ర అక్షరాలు లేకపోతే "ఆల్ నార్మల్ మా" అని ఫ్యామిలీ గ్రూపులో పడేసి మన మీటింగుకి మనం వెళ్ళిపోతాం.

ఆ ప్యాకేజీలు ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా? నేను చూశాను. నాన్న ప్యాకేజీలో ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు. అమ్మ ప్యాకేజీకి గులాబీ రంగు బ్యానరు. అందులో థైరాయిడ్, కాల్షియం, విటమిన్ డి, పాప్ స్మియర్, మామోగ్రామ్. అవి అక్కర్లేదని ఎవరూ అనరు, కచ్చితంగా కావాలి. కానీ గుండె ఏది? అంటే ఈ ప్యాకేజీలు డిజైన్ చేసిన మహానుభావుల లెక్కలో నాన్నకి గుండె ఉంటుంది, అమ్మకి గర్భసంచి ఉంటుంది. మా వైపు చాలామంది అమ్మలకి ఆ రెండోది కూడా మిగల్లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండు ప్యాకేజీల్లోనూ ఉమ్మడిగా ఉండేది ఒక్కటే, లిపిడ్ ప్రొఫైల్. పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఇవ్వాలి. నా గోలంతా దీని గురించే. ఈ పరీక్ష మన అమ్మల రక్తాన్ని చూడకూడని టైములో చూస్తోంది, చూశాక కూడా మగవాడి స్కేలు పెట్టి కొలుస్తోంది. "నార్మల్" అని వచ్చిన ఆ పీడీఎఫ్‌ని మనం నమ్ముతున్నంత గట్టిగా నమ్మే హక్కు మనకి లేదు.

ముందు టైము సంగతి.

మాది అద్దంకి. తెలియనివాళ్ళకి, నార్కట్‌పల్లి నుంచి వచ్చే రోడ్డు చివర, గుండ్లకమ్మ పక్కన, సింగరకొండ ఆంజనేయస్వామి దగ్గర. చుట్టూ మిర్చి, పత్తి, పొగాకు, శనగ. మా ఇళ్ళలో ఒక మామూలు రోజు చూడండి. ఎనిమిదింటికి ఇడ్లీ, కారప్పొడి, దానిమీద నెయ్యి. ఒంటిగంటన్నరకి అన్నం, పప్పు, ఒక వేపుడు, గోంగూర పచ్చడి, మళ్ళీ నెయ్యి. సాయంత్రం టీతో బజ్జీలో పునుగులో జంతికలో. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ అన్నం. ఇది మగవాళ్ళ టైంటేబుల్. ఆడవాళ్ళది దీనికి ప్రతిచోటా ఒక గంట కలుపుకోండి. అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిన వేపుడు, అడుగున తేరుకున్న నూనెతో సహా, పారేయడం ఎందుకని అన్నంలో కలుపుకునేది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

కొవ్వున్న భోజనం చేశాక రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మెల్లగా పెరిగి మూడు నాలుగు గంటలకి శిఖరానికి చేరతాయి. మళ్ళీ మామూలు స్థాయికి దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఈలోపు ఇంకో భోజనం వచ్చిపడుతుంది. అంటే పొద్దున్న తొమ్మిది నుంచి అర్ధరాత్రి దాటేదాకా మన రక్తం "తిన్న తర్వాత" స్థితిలోనే ఉంటుంది. పరగడుపు అనేది ఇరవై నాలుగు గంటల్లో తెల్లవారుజామున ఉండే చిన్న కిటికీ. మనం రక్తం తీసేది సరిగ్గా ఆ కిటికీలోంచే.

మన భాషలో చెప్తాను. ప్రొడక్షన్ సర్వరు సాయంత్రం ఏడింటికి రోజూ ఊపిరాడక కొట్టుకుంటోందని యూజర్లు మొత్తుకుంటుంటే, మీరు తెల్లవారుజామున నాలుగింటికి లాగిన్ అయ్యి సీపీయూ పది శాతం ఉందని స్క్రీన్‌షాట్ తీసి "నో ఇష్యూ ఫౌండ్" అని టికెట్ క్లోజ్ చేస్తే మీ మేనేజరు ఏమంటాడు? అమ్మ విషయంలో అదే స్క్రీన్‌షాట్‌ని మనం ఫ్రేము కట్టించి పెట్టుకుంటున్నాం. పైగా "రేపు రక్తపరీక్ష" అని ముందు రాత్రి ఏడింటికే రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటుంది ఆవిడ. ఆడిట్ వస్తోందని ముందు రోజు లాగులు క్లీన్ చేసినట్టు :-)

తిన్న తర్వాత ఏం జరుగుతుందో కాస్త లోపలికెళ్ళి చూడాలి, లేకపోతే ఆడా మగా తేడా అర్థం కాదు. పేగులు మనం తిన్న నూనెనీ నెయ్యినీ కైలోమైక్రాన్లు అనే పెద్ద పెద్ద మూటలుగా కట్టి రక్తంలోకి పంపిస్తాయి. రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఆ మూటలు విప్పి సరుకుని కండకీ, చర్మం కింద ఉండే కొవ్వు పొరకీ అప్పజెప్తుంది. ఇక్కడొక చిక్కుంది. కాలేయం కూడా తన సొంత కొవ్వు మూటల్ని, అంటే వీఎల్‌డీఎల్‌ని, ఇదే రోడ్డు మీదకి వదుల్తుంది. వాటిని విప్పేదీ ఇదే ఎంజైము. సంక్రాంతి ముందు రోజు హైదరాబాదు నుంచి ఊరికి కారేసుకుని వచ్చినవాళ్ళకి టోల్‌గేట్ దగ్గర పరిస్థితి ఎలా ఉంటుందో తెలుసు కదా, అదే సీను. కార్లు పేగుల్నుంచి, లారీలు కాలేయం నుంచి, కౌంటర్లు మాత్రం అవే.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో భోజనం అవ్వగానే ఇన్సులిన్ పెరిగి, "కాసేపు లారీలు ఆపండి" అని కాలేయానికి చెప్తుంది. ఇన్సులిన్ మాట ఒంటికి వినబడని పరిస్థితి వచ్చిందనుకోండి, కాలేయం ఆపదు. క్యూ పెరుగుతుంది. సగం విప్పిన మూటలు గంటల తరబడి రక్తంలో తిరుగుతాయి. ఈ సగం మూటలే ప్రమాదం. పెద్ద కైలోమైక్రాన్ రక్తనాళం గోడలోకి దూరలేదు, విప్పగా మిగిలిన చిన్న ముక్క దూరగలదు. దూరి అక్కడే కూచుంటుంది, తనతోపాటు కొలెస్టరాల్‌ని కూడా పట్టుకెళ్తుంది. గుండె రక్తనాళాలు పూడుకుపోవడం భోజనం తర్వాతి గంటల్లో జరిగే పని అని డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ అనే శాస్త్రవేత్త 1979 లోనే రాశాడు. నేను పుట్టకముందు మాట. మనం ఇంకా పరగడుపు దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు ఆడా మగా తేడా. ఒకే భోజనం పెట్టి ఒక ముప్పయ్యేళ్ళ మగవాడినీ ఒక ముప్పయ్యేళ్ళ స్త్రీనీ పోలిస్తే, సాధారణంగా స్త్రీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తక్కువ పెరుగుతాయి, తొందరగా దిగుతాయి. నడుము కింద, తొడల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు ఆ సరుకుని చకచకా లాగేసుకుంటుంది. అది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, పడితే ఓ పట్టాన బయటికి రాదు. మగవాడి కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. అది కరెంటు అకౌంటు, తీసినంతా నేరుగా కాలేయానికి వెళ్ళే రక్తంలో పడుతుంది. ఈ ఏర్పాటు వెనక ఈస్ట్రోజెన్ హస్తం పెద్దది. ఆడవాళ్ళకి మొదటి గుండెపోటు మగవాళ్ళకన్నా సుమారు తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తేలింది. ఆ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నా, భోజనం తర్వాతి ఈ సౌకర్యం వాటిలో ఒకటి.

"చూశావా, ఆడవాళ్ళకి ప్రమాదం తక్కువే కదా" అంటారు ఇక్కడికి రాగానే. ఆగండి మాస్టారూ, ఇదంతా ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి సంగతి. మెటబాలిక్ సిండ్రోమ్ వచ్చాక కథ మారుతుంది.

1988 లో జెరాల్డ్ రీవెన్ దీనికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు వాడే లెక్క ప్రకారం ఐదింట్లో మూడు ఉంటే చాలు. నడుము కొలత మన దేశం వాళ్ళకి మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లకి చేరడం, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్ మగవాళ్ళలో 40 కన్నా, ఆడవాళ్ళలో 50 కన్నా తక్కువ, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగరు 100 లేదా ఆపైన. బీపీకీ షుగరుకీ మందు వాడుతుంటే అవి ఉన్నట్టే లెక్క. ఎనభై సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మీ ఇంట్లో నలభై దాటిన ఆడవాళ్ళని ఒక్కసారి తలుచుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019-21 లో, మొదటిసారి నడుము చుట్టుకొలత తీశారు. పొట్ట లావు దేశంలో ఆడవాళ్ళలో 40 శాతం మందికి, మగవాళ్ళలో 12 శాతం మందికి ఉందని తేలింది. మగవాళ్ళకి గీత కొంచెం ఎత్తులో, 94 దగ్గర గీశారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఆ 40 చిన్న సంఖ్యేం కాదు.

పొట్ట చుట్టూ కొవ్వు చేరి, ఇన్సులిన్ పని తగ్గాక ఆడవాళ్ళకున్న ఆ సౌకర్యం కరిగిపోవడం మొదలవుతుంది. ఆ దారి చివర ఉండేది డయాబెటిస్. ఇంగ్లండులో ఒక బృందం 2003 లో డయాబెటిస్ కేర్ అనే పత్రికలో చూపించింది ఇదే. నెలసరి ఆగని ఆడవాళ్ళకి భోజనం తర్వాత కొవ్వు విషయంలో ఉండే మెరుగు, టైప్ 2 డయాబెటిస్ ఉన్న స్త్రీలలో లేకుండా పోయింది. దీని ఫలితం ఎక్కడ తేలుతుందంటే, 2006 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 37 అధ్యయనాలు కలిపి లెక్కేసినప్పుడు, డయాబెటిస్ వల్ల గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం మగవాళ్ళలో సుమారు రెండు రెట్లు పెరిగితే ఆడవాళ్ళలో మూడున్నర రెట్లు పెరిగింది. ఎత్తులో ఉన్నవాళ్ళే ఎక్కువ దూరం పడ్డారన్నమాట.

మరి దీన్ని పట్టుకోగలిగే పరీక్ష ఏది? 2007 లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. ఒకటి అమెరికాలో 26,509 మంది ఆరోగ్యవంతులైన మహిళల మీద. పదకొండేళ్ళకి పైగా గమనించారు. పరగడుపున తీసిన ట్రైగ్లిజరైడ్లకి, మిగతా కారణాలన్నీ తీసేసి చూస్తే, గుండెజబ్బుతో సంబంధం దాదాపు కనపడలేదు. తిన్నాక తీసిన వాటికి గట్టి సంబంధం కనిపించింది. ముఖ్యంగా తిన్న రెండు నుంచి నాలుగు గంటల మధ్య తీసినప్పుడు, ఎక్కువ ఉన్న మూడోవంతు మందికి తక్కువ ఉన్న మూడోవంతు కన్నా ప్రమాదం దాదాపు నాలుగున్నర రెట్లు. ఒకే అధ్యయనం, ఒకే కొలత, తేడా అల్లా కొందరు తినకుండా ఇచ్చారు, కొందరు తిని ఇచ్చారు!

రెండోది డెన్మార్కులో, కోపెన్‌హాగన్ వాసుల మీద, 1976 నుంచి 2004 దాకా. ఇందులో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు. ఎవరినీ ఉపవాసం ఉండమనలేదు. ట్రైగ్లిజరైడ్లు అన్నిటికన్నా తక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే, 440 మిల్లీగ్రాములు దాటిన మగవాళ్ళకి గుండెపోటు ప్రమాదం 4.6 రెట్లు. ఆడవాళ్ళకి 16.8 రెట్లు. వయసు ఒక్కటే సరిచేసిన లెక్క ఇది. లావు, బీపీ, పొగతాగడం వగైరా కూడా సరిచేస్తే మగవాళ్ళకి 2.4, ఆడవాళ్ళకి 5.4. అంతగా పెరిగిన ఆడవాళ్ళు తక్కువమందే ఉంటారు, నిజమే. కానీ రెండు లెక్కల్లోనూ ఆడవాళ్ళకే రెట్టింపు పైన. తిన్నాక తీసిన అంకె మగవాళ్ళకన్నా ఆడవాళ్ళ గురించే గట్టిగా చెప్తోంది, మనం తీయనిదీ ఆ అంకే.

ఇక మా ఊరి వైపు వద్దాం. గర్భసంచి సంగతి తర్వాత చెప్తానన్నాను కదా.

2015-16 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి గర్భసంచి తీయించుకున్నారా అని అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం సగటు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్ 8.9 శాతం, దేశంలో మనమే ఫస్టు. తెలంగాణ 7.7 తో మన వెనకే. ఆపరేషన్ అయ్యే వయసు దేశం మొత్తమ్మీద 34 దగ్గర ఉంది. ఇది నలభై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళ లెక్క మాత్రమే అని గుర్తు పెట్టుకోండి, మన అమ్మల వయసు వాళ్ళు అందులో లేరు. మిరపకాయల కోతకో పత్తి తీతకో వెళ్ళే మనిషి నడుం నొప్పి, తెల్లబట్ట అని వెళ్తే "తీసేస్తే పీడా పోయిద్ది" అని చెప్పి తీసేసిన కాలం ఒకటి గట్టిగా నడిచింది. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్లో కోర్టు రాష్ట్రాలన్నిటినీ మూడు నెలల్లో కేంద్రం మార్గదర్శకాలు అమలు చెయ్యమంది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజే ఆగిపోతుంది. అండాశయాలు ఉంచినా, సహజంగా ఆగాల్సిన టైముకన్నా కొన్నేళ్ళు ముందే అవి పని మానెయ్యొచ్చు. అంటే భోజనం తర్వాత కొవ్వుని తొడలవైపు మళ్ళించే ఆ ట్రాఫిక్ పోలీసు ముప్పై అయిదేళ్ళకే రిటైరైపోతాడు. ఆ తర్వాత కొవ్వు మగవాళ్ళలాగే పొట్టలోకి. యాభై ఏళ్ళకి వచ్చేసరికి ఆవిడ శరీరం అరవై అయిదేళ్ళ లెక్క చూపిస్తుంటుంది. మనం మాత్రం "ఆడవాళ్ళకి గుండెపోటు ఆలస్యంగా వస్తుంది" అనే పాత వాక్యాన్ని పట్టుకుని వేలాడుతుంటాం.

మా పెద్దమ్మకి ముప్పై నాలుగో ఏట గర్భసంచి తీశారు, ఒంగోల్లో ఒక నర్సింగ్‌హోంలో. కారణం తెల్లబట్ట. ఆవిడకి యాభై ఒకటి నిండాక ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, తద్దినం భోజనం అయిన కాసేపటికి, దవడ లాగుతోంది, వీపు మధ్యలో బరువుగా ఉంది, ఆయాసంగా ఉంది అంది. ఇంట్లో అందరూ గ్యాస్ అన్నారు. సోడా తాగించారు. వాము నమిలించారు. సాయంత్రం ఏడింటికి ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ కూడా ముందు గ్యాస్ ఇంజెక్షనే ఇచ్చారు, ఈసీజీ ఎనిమిదిన్నరకి తీశారు. గుండెపోటు. స్టెంటు వేశారు, బతికింది, కాకపోతే ఇప్పుడు మేడమెట్లు ఎక్కలేదు. అంతకు ఆరు నెలల ముందు మా అన్నయ్య చేయించిన ప్యాకేజీలో పరగడుపు ట్రైగ్లిజరైడ్లు 132. నార్మల్! పెదనాన్నకి అదే రోజు ట్రెడ్‌మిల్ కూడా చేశారు. ఆయన శుభ్రంగా పరిగెత్తాడు.

మా పెద్దమ్మ పొలం పని చేసినన్నాళ్ళూ సన్నగా ఉండేది. అన్నయ్యకి ఉద్యోగం వచ్చాక "ఇంక నువ్వు పొలం పోయేదేంది" అని మాన్పించాడు. మంచి కొడుకు చేసే పనే అది. కానీ రోజుకి ఎనిమిది గంటలు వంగి లేచే మనిషి ఒక్కసారిగా సోఫాలో కూచుంది, తిండి మాత్రం పొలం రోజుల తిండే. మన జీతాల వెనక ఇలాంటి అమ్మలు ఎంతమందో. పల్లెటూళ్ళలో గుండెజబ్బు లేదనే భ్రమ కూడా వదిలించుకోవాలి. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003-04 లో ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకీ కారణం ఆరా తీస్తే, అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. ఇరవయ్యేళ్ళ నాటి పల్లెల లెక్క ఇది!

సరే, మా అమ్మ రిపోర్టు తెచ్చి చూశాను. ట్రైగ్లిజరైడ్లు 141, నార్మల్. హెచ్‌డీఎల్ 43, నార్మల్. ఎందుకు నార్మలంటే ఆ కాగితం మీద హెచ్‌డీఎల్‌కి ఒకటే గీత, "40 పైన". ఆడవాళ్ళకి 50 అన్న సంగతి ఆ కాగితానికి తెలియదు. టేపు తీసుకుని కొలిస్తే నడుము 37 అంగుళాలు. బీపీ మాత్ర మూడేళ్ళుగా వాడుతోంది. నడుము, బీపీ, హెచ్‌డీఎల్, ఐదింట్లో మూడు వచ్చేశాయి. ఒక్క ఎర్ర అక్షరం లేని రిపోర్టులో పూర్తి స్థాయి మెటబాలిక్ సిండ్రోమ్ కూచుని ఉంది. పండగ రోజు ఒంటిగంటన్నరకి భోజనం చేసిందానికి అయిదున్నరకి రక్తం తీయిస్తే ట్రైగ్లిజరైడ్లు 262. ఇది ప్రయోగశాల పద్ధతిలో చేసింది కాదని నాకూ తెలుసు. పద్ధతి ప్రకారం అయితే 75 గ్రాముల కొవ్వున్న భోజనం పెట్టి నాలుగు గంటలకి తీయాలి, 220 దాటకూడదని 2011 లో నిపుణుల బృందం ఒకటి చెప్పింది. మా ఇంటి పండగ భోజనంలో కొవ్వు ఎన్ని గ్రాములో ఎవరు తూచారు. కానీ ఆవిడ రక్తం రోజూ చూసేది ఆ భోజనాన్నే, ల్యాబు భోజనాన్ని కాదు.

ఇప్పుడు అభ్యంతరాలు. ఈ విషయం మా టీములో ఎత్తితే వచ్చినవే చెప్తున్నాను.

"తిని చేయిస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది కదా, దానికి అర్థమేముంది?" మామూలు భోజనం తర్వాత సగటున పెరిగేది పాతిక మిల్లీగ్రాముల చుట్టూనే. యూరప్ నిపుణులు 2016 లో లక్షలమంది డేటా చూసి ఇదే చెప్పి, రొటీన్ లిపిడ్ పరీక్షకి ఉపవాసం అక్కర్లేదని, తిని ఉన్నప్పుడు 175 లేదా ఆపైన ఉంటే ఎక్కువున్నట్టని గీత కూడా గీశారు. డెన్మార్కులో 2009 నుంచే అలా చేస్తున్నారు. పాతిక పెరగాల్సిన చోట నూట ఇరవై పెరిగిందంటే ఆ పెరుగుదలే సమాచారం. షుగరుకి "తిన్న రెండు గంటలకి" పరీక్ష మా ఊరి పాలబ్బాయికి కూడా తెలుసు. కొవ్వుకి మాత్రం అలాంటిది ఉందంటే వింతగా చూస్తారేంటి?

"మరి డాక్టర్లు ఎందుకు ఫాస్టింగ్ అడుగుతారు?" దీనికి కారణం సగం చరిత్ర. ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవడం ఖరీదైన రోజుల్లో, 1972 లో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన ఒక ఫార్ములా ఇచ్చాడు. మొత్తం కొలెస్టరాల్లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునీ తీసెయ్యడం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ ఫార్ములా పనిచెయ్యదు. అందుకని తినకుండా రమ్మన్నారు. అంటే ఒక ఫార్ములాకి ఇబ్బంది కలగకూడదని యాభై ఏళ్ళుగా మనుషుల్ని పస్తు పెడుతున్నాం. లెగసీ కోడ్ అంటే ఇదే కదా! తిన్నాక 400 దాటితే అప్పుడు పరగడుపున మళ్ళీ తీయండి, ఎవరొద్దన్నారు.

"తెలిసి ఏం చేస్తాం, దానికి మందుందా?" ఈ ప్రశ్న మాత్రం గట్టిది. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే పెమాఫైబ్రేట్ అనే మందుని డయాబెటిస్ ఉన్న పదివేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో పరీక్షించి చూశారు. 2022 లో ఫలితాలొచ్చాయి. ట్రైగ్లిజరైడ్లు పావు వంతు తగ్గాయి, గుండెపోట్లు తగ్గలేదు. కాబట్టి ఈ అంకె పట్టుకుని మెడికల్ షాపుకి పరిగెత్తమని నేను చెప్పను, ఎవడైనా చెప్తే నమ్మొద్దు. ఈ అంకె పని వేరే. ఎవరిని "నార్మల్" అని వదిలెయ్యకూడదో చెప్పడం. ఆవిడ బీపీ, షుగరు, ఎల్‌డీఎల్ డాక్టరు ఇంకాస్త పట్టుదలగా చూస్తాడు, స్టాటిన్ కావాలా అని ఆలోచిస్తాడు, దవడ లాగుతోందన్న రోజు సోడా బదులు ఈసీజీ గుర్తుకొస్తుంది. ఇక తిన్నాక కొవ్వు పెరగడం తగ్గించేవి రెండూ చవకే. ముందు రోజు ఒక గంట చురుగ్గా నడిచినా మర్నాటి భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు తక్కువ పెరుగుతాయి, ఇది చాలాసార్లు తేలిన సంగతి. రెండోది నూనె. కూచుని ఉండే పనులు చేసే స్త్రీకి రోజుకి 20 గ్రాములు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 లోనే రాసింది, నాలుగు చెంచాలు. మిగిలిన వేపుడు అడుగు నూనె ఒక్కటే అంత ఉంటుంది. దీనికి అమ్మని తిట్టి ప్రయోజనం లేదు. ఆ నూనె పారబోసే హక్కు ఆ ఇంట్లో ఆవిడకి ఉన్నట్టు ఎవరైనా ఆవిడకి చెప్పారా? పొద్దున్నే గంటసేపు నడవడానికి బయల్దేరితే కాఫీ ఎవరు పెడతారో ముందు తేల్చండి. నాన్న వాకింగుకి వెళ్ళగలుగుతున్నాడంటే ఇంట్లో ఎవరో ఒకరు వెళ్ళకుండా ఉండబట్టే.

మా కంపెనీ హెచ్ఆర్‌కి ఒక మెయిలు పెట్టాను. ఉద్యోగుల తల్లిదండ్రుల ప్యాకేజీలో ఆడవాళ్ళకి కూడా ఈసీజీ, నడుము కొలత, తిన్నాక తీసే లిపిడ్ చేర్చమని. "వెండరుతో చర్చించి తెలియజేస్తాం" అని వచ్చింది. నాలుగు నెలలైంది. చర్చ బాగా లోతుగా జరుగుతున్నట్టుంది.

మా ఊరి ల్యాబులో మాత్రం సూటిగా చెప్పారు. "తిని వచ్చినా తీసుకుంటాం సార్, నాకేం ఇబ్బంది లేదు. కాకపోతే కాగితం మీద ఫాస్టింగ్ రేంజే ప్రింటవుద్ది. సాఫ్ట్‌వేర్ అట్టా ఉంది మరి."

ఆ సాఫ్ట్‌వేర్ రాసేది మనలో ఎవరో ఒకరు. పేషెంటు ఆడా మగా అన్న కాలమ్ అందులో ఎలాగూ ఉంటుంది. శాంపిల్ తీసిన టైమూ ఉంటుంది. లేనిది చివరిసారి ఎప్పుడు తిన్నారన్న ఒక్క ఫీల్డు. అది పెట్టి, రిఫరెన్స్ రేంజుల టేబుల్లో రెండు వరుసలు మార్చాలి. హెచ్‌డీఎల్ స్త్రీలకి 50, తిని ఇచ్చిన శాంపిల్‌కి ట్రైగ్లిజరైడ్లు 175. ఇది చదువుతున్నవాళ్ళలో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, టెస్టింగుతో కలిపి ఎన్ని రోజుల పనో మీకే తెలుసు. సోమవారం టికెట్ ఓపెన్ చెయ్యండి.